మొలలని 14 నెలలు వైద్యం చేశారు, చివరికి పురీషనాళం క్యాన్సర్ అన్నారు: కేసు నిలుస్తుందా?

కోరంగి_మడ
మా బావగారి సంగతి. వయసు 46, ఉండేది కాకినాడ. మార్చి 2023లో మలంలో రక్తం పడుతోందని హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లారు. మొలలన్నారు. మందులు, తర్వాత మొలలకి రబ్బర్ బ్యాండు బిగించడం, జనవరి 2024లో లేజర్ ఆపరేషన్. రక్తం ఆగలేదు. మే 18, 2024న వేరే ఆసుపత్రిలో కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు చూసే పరీక్ష) చేస్తే మలద్వారం నుంచి 4 సెం.మీ. పైన 5 సెం.మీ. గడ్డ, మూడో దశ. రేడియేషన్, కీమో, ఆపరేషన్. ఇప్పుడు జీవితాంతం పొట్ట మీద మలం పోయే సంచి. మొదటి ఆసుపత్రికి కట్టింది మొత్తం 1,10,000. హిమోగ్లోబిన్ మార్చి 2023లో 12.6, నవంబర్‌లో 9.1, లేజర్ ముందు 8.2. అన్నీ వాళ్ల ల్యాబ్ రిపోర్టులే. ఆ 14 నెలల్లో ఒక్కసారి కూడా కొలనోస్కోపీ రాయలేదు. ఇప్పుడు ఫిబ్రవరి 2026. రికార్డులు అడిగితే "డాక్టరు గారు ఊళ్లో లేరు" అంటున్నారు. కేసు వేయొచ్చా? టైం ఉందా?

పట్నంబజారు
టైం ఉంది గానీ చాలా తక్కువ. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం 2 ఏళ్లు. క్యాన్సర్ తేలిన రోజు నుంచి లెక్క వేసుకుంటే మే 17, 2026 లోపు ఫిర్యాదు నంబరు పడాలి. నోటీసు ఇస్తే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. అసలు ఈ చట్టం కింద నోటీసు తప్పనిసరి కూడా కాదు.

సిక్కోలు_నేస్తం
పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం పడేయండి ముందు. రికార్డులు వాటంతటవే బయటికొస్తాయి.

ఓరుగల్లు_వకీలు
@సిక్కోలు_నేస్తం వద్దు. 2005 జాకబ్ మాథ్యూ తీర్పు తర్వాత డాక్టరు మీద క్రిమినల్ కేసుకి ఘోరమైన నిర్లక్ష్యం చూపాలి. పోలీసులు ముందుగా స్వతంత్ర వైద్య అభిప్రాయం, వీలైతే ప్రభుత్వ డాక్టరు నుంచి, తీసుకోవాలి. ఆ డాక్టరు "నిర్లక్ష్యం కనబడలేదు" అని రెండు లైన్లు రాసిచ్చారనుకోండి, అవతలివాళ్లు అదే కాగితం పట్టుకొచ్చి వినియోగదారుల కమిషన్‌లో పెడతారు. భారతీయ న్యాయ సంహితలో 106(1) డాక్టర్ల గురించి చెప్పేది రోగి చనిపోయిన కేసులకి. ఇక్కడ మనిషి బతికి ఉన్నాడు, నష్టపరిహారం కావాలి. దారి వినియోగదారుల కమిషనే.

పట్నంబజారు అన్న గడువు లెక్క సరైనదే, ఒక జాగ్రత్తతో. అవతలి లాయరు "చివరి వైద్యం జనవరి 2024, గడువు జనవరి 2026తోనే అయిపోయింది" అని వాదిస్తాడు. దానికి జవాబు: జబ్బు తప్పుగా చెప్పారని రోగికి తెలిసిన రోజు నుంచే లెక్క. 2010లో శ్రీఖండే కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని చర్చించింది. కడుపులో గాజుగుడ్డ వదిలేసిన కేసు అది. కానీ ఆ కేసులో ఫిర్యాదుదారు ఓడిపోయింది. 9 ఏళ్లు నొప్పి పడుతూ కూడా కారణం వెతకలేదని. అంటే సూత్రం మనకి పనికొస్తుంది, ఊరుకున్నవాడికి పనికిరాదు. అందుకే ఫిర్యాదుతో పాటే, ఒకవేళ ఆలస్యమని తేలితే మన్నించమని వేరే దరఖాస్తు, కారణాలతో అఫిడవిట్ జత చేయండి. ఆపరేషన్, కీమో తేదీలే ఆ కారణాలు.

కోరంగి_మడ
హైదరాబాద్ వెళ్లి వేయాలా?

ఓరుగల్లు_వకీలు
అక్కర్లేదు. 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట వేయొచ్చు. కాకినాడలోనే వేయండి. పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా కూడా వేయొచ్చు, 2025 నుంచి దాని పేరు ఈ-జాగృతి.

ఉక్కునగరం
జిల్లా కమిషన్ 50 లక్షల లోపే కదా? పరిహారం అంతకంటే ఎక్కువ అడగాలంటే రాష్ట్ర కమిషన్‌కి పోవాలి.

పట్నంబజారు
పాత చట్టంలో అలా ఉండేది. ఇప్పుడు చూసేది మీరు అడిగే పరిహారం కాదు, మీరు చెల్లించిన డబ్బు. 50 లక్షల వరకు చెల్లింపు అయితే జిల్లా, 2 కోట్ల దాకా రాష్ట్రం, ఆపైన జాతీయం. 1,10,000 కట్టారు కాబట్టి జిల్లాయే. చెల్లింపు 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. 60 లక్షలు అడిగినా జిల్లా కమిషనే వింటుంది. బిల్లులు ఒక్కటీ పోగొట్టుకోవద్దు, "డబ్బు తీసుకుని వైద్యం చేశారు" అనడానికి అవే ఆధారం.

ఇందూరు_పసుపు
2019 చట్టంలో సేవల జాబితాలోంచి వైద్యం మాట తీసేశారని విన్నాను?

ఓరుగల్లు_వకీలు
ఆ జాబితాలో వైద్యం అనే మాట పాత చట్టంలోనూ లేదు. 1995లో వి.పి. శాంత తీర్పుతోనే వైద్యం "సేవ" అయింది. కొత్త చట్టం వచ్చాక డాక్టర్ల తరఫున మళ్లీ వాదించారు, 2022లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. డబ్బు తీసుకునే వైద్యం చట్టం కిందే ఉంది.

మెడికల్_రికార్డ్స్_గది
ముందు కాగితాల సంగతి చూడండి, కోర్టు మాటలు తర్వాత. 2002 వైద్య మండలి నైతిక నియమాల్లో 1.3.2 అనే నిబంధన ఉంది. రోగి గానీ, అతను అధికారం ఇచ్చిన మనిషి గానీ అడిగితే ఆసుపత్రి రసీదు ఇచ్చి 72 గంటల్లో రికార్డులివ్వాలి. నోటిమాటగా అడిగితే ఈ గడియారం మొదలుకాదు. చేయాల్సింది:

బావగారి సంతకంతో తెల్లకాగితం మీద దరఖాస్తు. పేరు, యూహెచ్‌ఐడీ (ఆసుపత్రి రోగికిచ్చే గుర్తింపు) నంబరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, అడ్మిషన్ తేదీలు. "కేస్ షీటు మొత్తం" అని ఊరుకోకండి, విడివిడిగా రాయండి: అడ్మిషన్ నోట్, డాక్టర్ల రోజువారీ నోట్స్, నర్సుల నోట్స్, మత్తు డాక్టరు చార్టు, ఆపరేషన్ నోట్, అంగీకార పత్రాలు, మందుల చార్టు, ల్యాబ్ రిపోర్టులు, బిల్లు వివరాలు. మీరు తీసుకోవడానికి వెళ్తే అధికార పత్రం, ఇద్దరి ఆధార్ కాపీలు. ఇన్‌వార్డులో (కాగితాలు తీసుకునే కౌంటరు) ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర, తేదీ, సమయం వేయించండి. ముద్ర వేయం అంటే అదే రోజు స్పీడ్ పోస్టు, ఆసుపత్రి మెయిల్‌కి కూడా ఒకటి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ నియమాల్లో 3 ఏళ్లు దాచాలన్నది ఇన్‌పేషెంట్ రికార్డులకి. చికిత్స మొదలైన తేదీ నుంచి లెక్క. మార్చి 2023 నుంచి మొదలైందని వాళ్లు లెక్క కట్టుకుంటే వచ్చే నెలకి తీసి పారేయొచ్చు. ఈ వారమే దరఖాస్తు పెట్టండి. ఓపీ చీటీలకి ఆ 3 ఏళ్ల నిబంధన వర్తించదు, మీ దగ్గరున్న ఓపీ చీటీలే ఆధారం. వాటిని లామినేషన్ చేయించకండి! కమిషన్‌లో అసలు కాగితం అడిగినప్పుడు సిరా, చేతిరాత చూడాల్సి రావచ్చు. స్కాన్ చేసి, అసలు ప్లాస్టిక్ కవర్లో పెట్టండి.

కోరంగి_మడ
రెండు చీటీలు అక్క ఇప్పటికే లామినేషన్ చేయించింది 😟

మెడికల్_రికార్డ్స్_గది
పర్లేదు, పీకే ప్రయత్నం మాత్రం చేయకండి. చింపుకుంటారు.

సర్జరీవార్డు_9
డాక్టర్ల వైపు నుంచి ఒక మాట. రక్తం పడిన ప్రతివాడికీ కొలనోస్కోపీ రాయడం కుదరదు. పాతికేళ్ల కుర్రాడు, మలబద్ధకం, బొట్లుబొట్లుగా ఎర్రటి రక్తం, ప్రాక్టోస్కోపీలో (మలద్వారంలో చిన్న గొట్టం పెట్టి చూడటం) మొలలు కనబడుతున్నాయి. మందులిచ్చి పంపించడం తప్పు కాదు. జబ్బు తప్పుగా చెప్పడం, నిర్లక్ష్యం రెండూ ఒకటి కావు. మామూలు నైపుణ్యం ఉన్న డాక్టరు అదే పరిస్థితిలో అదే చేసి ఉండేవాడా అన్నదే కోర్టు చూసేది. మార్చి 2023 నాటి మొదటి విజిట్ మీదే కేసంతా కడితే పడిపోతుంది.

పేగుదారి
@సర్జరీవార్డు_9 మొదటి విజిట్ వరకు ఒప్పుకుంటాను, కాస్త కష్టంగానే. 46 ఏళ్ల మగమనిషి, 12.6 హిమోగ్లోబిన్, కనీసం సిగ్మాయిడోస్కోపీ (పెద్దపేగు చివరి భాగం వరకు చూసే స్కోపు) అయినా అడగాల్సింది. కానీ నవంబర్ 2023కి వచ్చేసరికి నాకు ఏ సందేహమూ లేదు. మొలలకి వైద్యం చేశాక కూడా రక్తం ఆగలేదు, హిమోగ్లోబిన్ 9.1కి పడింది. ఐరన్ లోపంతో రక్తం తగ్గిన పెద్ద వయసు మగవాడికి పైనుంచీ కిందనుంచీ ఎండోస్కోపీ చేయాలని మెడిసిన్ చదివే పిల్లలకే చెబుతాం. కోరంగి గారూ, ఆ రిపోర్టుల్లో ఎంసీవీ (ఎర్ర రక్తకణం సగటు పరిమాణం) ఎంత ఉంది?

కోరంగి_మడ
నవంబర్‌లో 71, జనవరిలో 68.

పేగుదారి
80 పైన ఉండాలి. 68 అంటే నెలల తరబడి రక్తం కారుతోందని అర్థం. వాళ్ల ల్యాబే, వాళ్ల కాగితం మీదే, బోల్డ్ అక్షరాల్లో అచ్చు వేసి ఉంటుంది. అది చూసి ఏం చేశారు?

కోరంగి_మడ
ఐరన్ ఇంజెక్షన్లు రెండు. తర్వాత లేజర్.

పేగుదారి
మీ కేసు ఇక్కడుంది. "క్యాన్సర్‌ని కనిపెట్టలేదు" అని రాయకండి. "ఫలానా తేదీన ఫలానా రిపోర్టు చేతికొచ్చాక మొదటి నిర్ణయాన్ని మళ్లీ తరచి చూడలేదు" అని రాయండి. పేగు జబ్బుల్లో తొలి అంచనా తప్పడం మామూలే. అంచనా తప్పిందని ఒంట్లోంచి సంకేతాలు వస్తున్నా తిరిగి చూడకపోవడమే నిర్లక్ష్యం.

సర్జరీవార్డు_9
నవంబర్ గురించి నేను వాదించను. ఆపరేషన్‌కి తీసుకెళ్లే ముందు 8.2 ఉన్న మనిషికి పేగు చూడకుండా లేజర్ చేయడాన్ని సమర్థించలేను.

ఇందూరు_పసుపు
మా చెల్లెలి కేసు కూడా ఇలాంటిదేనా? కడుపునొప్పి, విరేచనాలు, బరువు తగ్గింది. చిన్నపేగు చివర పుండ్లున్నాయి, పేగు టీబీ అన్నారు. 11 నెలలు టీబీ మందులు. తగ్గలేదు. ఇప్పుడు క్రోన్స్ (పేగుల్లో దీర్ఘకాలం వాపు, పుండ్లు ఉండే జబ్బు) అంటున్నారు.

పేగుదారి
ఇది వేరే రకం. పేగు టీబీ, క్రోన్స్ రెండూ చిన్నపేగు చివర, పెద్దపేగు మొదలు దగ్గరే ఎక్కువగా వస్తాయి. స్కోపులో కూడా అన్నదమ్ముల్లా ఉంటాయి. టీబీ పుండ్లు పేగుకి అడ్డంగా చుట్టినట్టు, క్రోన్స్‌వి నిలువుగా, మధ్యమధ్యలో బాగున్న చోట్లు వదిలి ఉంటాయంటారు గానీ అన్నిసార్లూ అంత స్పష్టంగా ఉండవు. బయాప్సీలో కుళ్లిన గ్రాన్యులోమా (కణాల ముద్ద) గానీ, టీబీ క్రిమిని పట్టే జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్ష పాజిటివ్ గానీ వస్తే టీబీ ఖాయం. కానీ టీబీ ఉన్నా ఈ పరీక్షలు నెగెటివ్ రావడం చాలా మామూలు. అందుకే మన దేశంలో తేల్చుకోలేనప్పుడు టీబీ మందులు మొదలుపెట్టి చూడటం ఆమోదించిన పద్ధతి. మొదలుపెట్టినందుకు కేసు వేస్తే ఓడిపోతారు.

కానీ దానికో షరతుంది. 2, 3 నెలలకి మళ్లీ స్కోపు పెట్టి పుండ్లు మానాయో లేదో చూడాలి. నొప్పి తగ్గిందనో, బరువు పెరిగిందనో సరిపెట్టుకోకూడదు, పుండు మానాలి. పేగు టీబీకి మామూలు కోర్సే 6 నెలలు. 11 నెలలు ఎందుకు ఇచ్చారు, మధ్యలో స్కోపు చేశారా, లివర్ పరీక్షలు చేశారా, ఎథాంబుటాల్ అనే టీబీ మందు వాడినన్నాళ్లు కంటిచూపు గురించి అడిగారా? వీటికి జవాబు కాగితం మీద లేకపోతే అప్పుడు ఆలోచించండి.

ఇందూరు_పసుపు
మధ్యలో స్కోపు లేదు. డాక్టరేమో "6వ నెలలోనే రమ్మన్నాను, వాళ్లే రాలేదు" అంటున్నారు.

మెడికల్_రికార్డ్స్_గది
తేదీలు తేల్చడానికి ఒక దారి ఉంది. టీబీ కేసుని ప్రైవేటు డాక్టరైనా ప్రభుత్వానికి తెలియజేయాలని 2012 నుంచి నిబంధన. ప్రభుత్వ టీబీ పోర్టల్ నిక్షయ్‌లో పేరు ఎక్కితే ఐడీ ఉంటుంది, మందులు మొదలైన తేదీ ఉంటుంది. జిల్లా టీబీ కార్యాలయంలో అడగండి. నిక్షయ్‌లో పేరే లేకపోతే అదీ రాసుకోవాల్సిన విషయమే. మందుల షాపు బిల్లులు, ప్రతి చీటీ మీద "మళ్లీ రావాల్సిన తేదీ" గడి కూడా చూడండి. "రమ్మన్నాను" అనే మాటకి ఆ గడే సాక్షి.

పేగుదారి
ఇదే తలకిందులైతే ఇంకా ప్రమాదం. టీబీ లేదని తేల్చుకోకుండా క్రోన్స్ అనుకుని రోగనిరోధక శక్తిని అణిచే స్టెరాయిడ్లు, బయలాజిక్ ఇంజెక్షన్లు ఇస్తే దాగి ఉన్న టీబీ ఒళ్లంతా పాకుతుంది. అలాంటి కేసులో ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష ముందు చేశారా లేదా అన్నది మొదటి ప్రశ్న.

ఉక్కునగరం
మూల విషయానికి వద్దాం. నిపుణుడి అభిప్రాయం లేకుండా కమిషన్ అసలు తీసుకోదని మా దగ్గర ఒక లాయరు గారు చెప్పారు.

పట్నంబజారు
తప్పు. 2009లో డిసౌజా కేసులో అలాంటి మాట వచ్చింది, 2010లో కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టే ప్రతి కేసుకీ నిపుణుడు అక్కర్లేదంది. అది మన హైదరాబాద్ కేసే. మలేరియా ఉన్న మనిషికి టైఫాయిడ్ వైద్యం చేశారు. టైఫాయిడ్‌కి చేసే వైడల్ పరీక్ష నెగెటివ్ వచ్చినా ఆ దారి మార్చలేదు. చేతిలో ఉన్న రిపోర్టు ఒకటి చెబుతుంటే ఇంకోటి చేశారన్నది దానంతట అదే కనిపిస్తోందని జిల్లా ఫోరం ఇచ్చిన 2 లక్షల పరిహారాన్ని సుప్రీంకోర్టు నిలబెట్టింది. కోరంగి గారి కేసుకి ఇంతకంటే దగ్గరి తీర్పు లేదు.

ఓరుగల్లు_వకీలు
తీర్పు సరే, దాన్ని నమ్ముకుని నిపుణుడిని వదిలేయొద్దు. ఫిర్యాదు తీసుకోవడానికి నిపుణుడు అక్కర్లేదు. గెలవడానికి కావాలి. నిర్లక్ష్యం కిషన్‌రావు దారిలో నిరూపించొచ్చు గానీ "ఆ నిర్లక్ష్యం వల్లే ఈ నష్టం" అనేది పేగు క్యాన్సర్‌లో కంటికి కనిపించేది కాదు. నవంబర్‌లో దొరికి ఉంటే ఏ దశలో ఉండేది? సంచి తప్పేదా? కీమో తప్పేదా? కమిషన్ సభ్యులు డాక్టర్లు కారు. ఎవరో ఒకరు అఫిడవిట్ మీద చెప్పాలి.

సర్జరీవార్డు_9
అవును, ఇలాంటి కేసులు ఎక్కువగా చచ్చేది ఇక్కడే. 4 సెం.మీ. దగ్గర గడ్డంటే అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్న ఇది: "అంత కింద ఉన్న గడ్డకి ఎప్పుడు దొరికినా సంచి పడేదే కదా?" దానికి జవాబు మే 2024 నాటి పెల్విస్ ఎంఆర్‌ఐలో ఉంటుంది. గడ్డ కింది అంచు స్ఫింక్టర్ కండరంలోకి (మలాన్ని ఆపి పట్టే కండరం) పోయిందా, ఎంత లోతుకి పోయింది, జబ్బు పాకిన లింఫ్ గ్రంథులు ఎన్ని. తర్వాత ఆపరేషన్ చేసిన సర్జన్ నోట్‌లో కండరాన్ని ఎందుకు కాపాడలేకపోయారో రాసి ఉంటుంది. గడ్డ పెరిగి కండరాన్ని పట్టుకోవడం వల్లే సంచి పడిందని ఆ రెండూ చెబితే, ఆలస్యానికీ సంచికీ ముడి పడుతుంది. కండరానికి దూరంగానే ఉందంటే ఆ ముడి బలహీనం. అప్పుడు కీమో, రేడియేషన్, తిరగబెట్టే ప్రమాదం పెరగడం మీద పరిహారం అడగాలి. ఏది ఉంటే అదే అడగండి, లేనిది అడిగితే ఉన్నది కూడా పోతుంది.

కోరంగి_మడ
ఎంఆర్‌ఐలో "గడ్డ కింది అంచు లోపలి స్ఫింక్టర్‌ని ఆక్రమించింది" అని ఉంది.

సర్జరీవార్డు_9
ఆ రిపోర్టుతో పాటు సీడీ కూడా దాచండి. రిపోర్టు మాత్రమే ఉంటే "వేరే రేడియాలజిస్టు చూస్తే ఇంకోలా రాసేవాడు" అంటారు.

స్లైడుపెట్టె
బయాప్సీ, ఆపరేషన్ ముక్క రెండింటి స్లైడ్లు, పారాఫిన్ బ్లాకులు (కణజాలం పొదిగిన మైనం ముక్కలు) ఇప్పుడే రాసి అడగండి. బ్లాకు తీసుకుంటే తిరిగివ్వాల్సి ఉంటుంది, ఏ ల్యాబుకి ఇచ్చారో రసీదు ఉంచుకోండి. ఇంకొకటి. రబ్బర్ బ్యాండు గానీ, లేజర్ గానీ చేసినప్పుడు మొదటి ఆసుపత్రి ఏదైనా కణజాలం పరీక్షకి పంపిందా? పంపి ఉంటే ఆ రిపోర్టు నంబరు బిల్లులో కనబడుతుంది.

కోరంగి_మడ
బిల్లులో అలాంటిదేం లేదు. ఇంకో చిక్కొచ్చి పడింది. జనవరి 2024 ఓపీ చీటీ మళ్లీ చూశాను. "పి/ఆర్: ఎన్‌ఏడీ" అని ఉంది. అంటే వేలు పెట్టి చూశారు, ఏమీ లేదు అనేగా? మన కేసు పోయినట్టేనా?

ఉక్కునగరం
అమ్మో, పరీక్ష చేశామని రాసుకున్నారంటే కష్టమే.

సర్జరీవార్డు_9
కాదు, ఆగండి. వేలు 7, 8 సెం.మీ. దాకా అందుతుంది. గడ్డ 4 సెం.మీ. దగ్గర. నాలుగు నెలల తర్వాత అక్కడ 5 సెం.మీ. గడ్డ ఉంది, అప్పటికే గ్రంథులకి పాకింది. పేగు క్యాన్సర్ నాలుగు నెలల్లో సున్నా నుంచి అంత అవదు, ఏళ్ల తరబడి పెరిగే జబ్బు. మార్చి 2023లో చిన్నది, మెత్తటిది తప్పిపోయిందంటే నమ్మొచ్చు. జనవరి 2024లో ఏమీ తగల్లేదంటే రెండే అర్థాలు: వేలు పెట్టకుండా రాశారు, లేదా పెట్టి పోల్చుకోలేకపోయారు. పైగా అదే నెలలో మత్తిచ్చి లేజర్ చేశారు. ప్రాక్టోస్కోపు గొట్టం ఆ చోటు దాటే వెళ్లి ఉంటుంది. ఆ చీటీ మీకు వ్యతిరేకం కాదు, మీ వైపు సాక్ష్యం.

ఓరుగల్లు_వకీలు
దీన్ని జాగ్రత్తగా వాడాలి. ఫిర్యాదులో "వేలితో పరీక్ష చేయలేదు" అని రాశారా, ఈ చీటీ చూపించి మీరు అబద్ధం చెప్పారంటారు. ఇలా రాయండి: "జనవరిలో పరీక్ష సాధారణమని నమోదైంది. నాలుగు నెలలకి అదే వేలికి అందే చోట 5 సెం.మీ. గడ్డ బయటపడింది. ఈ తేడాకి ఎదుటి పక్షమే వివరణ ఇవ్వాలి." 2009లో ప్రశాంత్ ధనంక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఫిర్యాదుదారు ప్రాథమికంగా నిర్లక్ష్యం చూపిస్తే, జాగ్రత్త తీసుకున్నామని నిరూపించే భారం ఆసుపత్రి మీద పడుతుంది. అది కూడా హైదరాబాద్ నుంచి వెళ్లిన కేసే, 1 కోటి పరిహారం వచ్చింది.

చీటీ అసలుని ఇప్పుడే ఎవరికీ ఇవ్వకండి. రికార్డుల దరఖాస్తుకి వాళ్లిచ్చే కాపీలో అదే పరీక్ష ఎలా రాశారో పోల్చాలి.

మెడికల్_రికార్డ్స్_గది
పోల్చేటప్పుడు చూడాల్సినవి: పేజీ నంబర్లు వరసగా ఉన్నాయా, నర్సు నోట్‌లో సమయం డాక్టరు నోట్ సమయంతో కలుస్తోందా, వేర్వేరు రోజుల నోట్స్ ఒకే పెన్నుతో ఒకే ఊపులో రాసినట్టున్నాయా. ప్రతి పేజీ మీద "నిజ ప్రతి" ముద్ర, సంతకం వేయించుకోండి. ఇచ్చిన పేజీలు ఎన్నో రసీదులో రాయించండి. తర్వాత కొత్త పేజీ ఒకటి ప్రత్యక్షమైతే అప్పుడు ఆ అంకె పనికొస్తుంది.

సిక్కోలు_నేస్తం
పోలీసు మాట వెనక్కి తీసుకుంటున్నా. నిపుణుడు ఎక్కడ దొరుకుతాడు? ఒక డాక్టరు మీద ఇంకో డాక్టరు రాసిస్తాడా?

పట్నంబజారు
ఊళ్లో దొరకడం కష్టం. వేరే రాష్ట్రంలో రిటైరైన ప్రొఫెసర్లు రాసిస్తారు. ఎవరూ దొరక్కపోతే కమిషన్‌కే దరఖాస్తు పెట్టి, రికార్డులు ప్రభుత్వ మెడికల్ కాలేజీ బోర్డుకి పంపమనండి. బోర్డులో సర్జికల్ గ్యాస్ట్రో లేదా క్యాన్సర్ సర్జన్, రేడియాలజిస్టు ఉండాలని అందులోనే రాయాలి. లేకపోతే సంబంధం లేని విభాగం వాళ్లు చూస్తారు. ప్రశ్నలు మీరే ఇవ్వాలి. "నిర్లక్ష్యం ఉందా" అని అడిగితే "లేదు" అని ఒక్క ముక్క వస్తుంది.

పేగుదారి
నేనైతే ఇలా అడుగుతాను. నవంబర్ 2023లో 46 ఏళ్ల రోగికి హిమోగ్లోబిన్ 9.1, ఎంసీవీ 71, ఆగని రక్తస్రావం ఉన్నప్పుడు పెద్దపేగు చూడకుండా మొలల వైద్యం కొనసాగించడం ఏ ప్రామాణిక పుస్తకం లేదా మార్గదర్శకం ప్రకారం సరైనది? 8.2తో లేజర్ చేసే ముందు రక్తం ఎందుకు తగ్గిందో వెతికినట్టు రికార్డులో ఎక్కడుంది? మే 2024 ఎంఆర్‌ఐలో కనిపించిన గడ్డ జనవరి 2024లో వేలికి తగిలే పరిమాణంలో ఉండి ఉండటానికి ఎంత అవకాశం? నవంబర్‌లోనే దొరికి ఉంటే వైద్యం ఏ విధంగా తేడాగా ఉండేది? ఈ నాలుగూ చాలు. ప్రశ్నలు పెరిగితే జవాబులు పలచబడతాయి.

ఇందూరు_పసుపు
ఎవరెవరిని పార్టీ చేయాలి? ఆసుపత్రినా, డాక్టర్నా?

ఓరుగల్లు_వకీలు
ఇద్దరినీ. ఆసుపత్రిని దాని మేనేజింగ్ డైరెక్టర్ ద్వారా, ఆపరేషన్ చేసిన డాక్టర్ని పేరుతో. "ఆయన మా ఉద్యోగి కాదు, విజిటింగ్ కన్సల్టెంట్" అంటారు. 2004 సవితా గార్గ్ తీర్పు ప్రకారం డాక్టర్ని చేర్చకపోయినా ఆసుపత్రి బాధ్యత పోదు. డాక్టరుకి వృత్తి బీమా ఉంటే కంపెనీ పేరు చెప్పమని అడిగి, దాన్నీ చేర్చండి. చివర్లో డబ్బు కట్టేది చాలాసార్లు వాళ్లే.

నోటీసు అందాక ఎదుటివాళ్లు 30 రోజుల్లో జవాబు వేయాలి, మరో 15 రోజులు ఇవ్వొచ్చు. ఆపైన కుదరదని 2020లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 46వ రోజున వస్తే అభ్యంతరం చెప్పండి. ప్రాణం పోయిన, తీవ్రమైన హాని జరిగిన వైద్య కేసులని మధ్యవర్తిత్వానికి పంపకూడదు. "ముందు మాట్లాడుకోండి" అని ఎవరైనా అంటే ఆ నిబంధన గుర్తుచేయండి. గెలిచాక వాళ్లు అప్పీలుకి పోతే 45 రోజుల్లో పోవాలి, సగం డబ్బు కట్టాలి. చట్టంలో 3 నుంచి 5 నెలల్లో తేల్చాలని ఉంది గానీ వైద్య కేసులకి ఏళ్లు పడుతుంది. ఆ సంగతి బావగారికి ముందే చెప్పండి.

సిక్కోలు_నేస్తం
మెడికల్ కౌన్సిల్‌కి కూడా పంపాలా?

పట్నంబజారు
పంపొచ్చు, రెండూ పక్కపక్కన నడుస్తాయి. ఆసుపత్రి హైదరాబాద్ అయినా డాక్టరు రిజిస్ట్రేషన్ ఎక్కడుందో చూసి ఆ రాష్ట్ర కౌన్సిల్‌కి పెట్టాలి. కౌన్సిల్ పైసా పరిహారం ఇవ్వదు. హెచ్చరించడం, రిజిస్ట్రేషన్ ఆపడం వరకే. నేనైతే కమిషన్‌లో ఫిర్యాదు వేశాకే కౌన్సిల్‌కి పోతాను. అక్కడ "తప్పు లేదు" అని ముందే వస్తే ఆ కాగితం ఇక్కడ తలనొప్పి.

ఉక్కునగరం
ఆరోగ్యశ్రీ కింద చేయించుకున్నవాళ్లకి? డబ్బు రోగి కట్టలేదు కదా.

ఓరుగల్లు_వకీలు
కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రి అయితే ఉచిత రోగి కూడా వినియోగదారుడేనని శాంత తీర్పులోనే ఉంది. ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రి మీద ఆ వాదనతో వేయొచ్చు. ఈఎస్ఐ ఆసుపత్రులూ చట్టం కిందకే వస్తాయని 2007లో కిశోర్ లాల్ కేసులో తేలింది. అందరికీ పూర్తి ఉచితంగా చేసే ప్రభుత్వ ఆసుపత్రి అయితే కమిషన్ కాదు, సివిల్ కోర్టు. రికార్డులకి సమాచార హక్కు దరఖాస్తు.

కోరంగి_మడ
ఈ రోజు ఉదయం దరఖాస్తు ఇచ్చాం. ముద్ర వేయనన్నారు. గంట కూర్చుంటే వేశారు, టైం 11:40. పేజీల సంఖ్య రసీదులో రాయిస్తాను. పరిహారం లెక్కలో సంచుల ఖర్చు కూడా వేయొచ్చా?

పట్నంబజారు
వేయాలి. ఇప్పటిదాకా కొన్నవాటి బిల్లులు, నెలకి ఎన్ని సంచులు, వాటిని ఒంటికి అతికించే ప్లేట్లు ఎన్ని వాడుతున్నారో స్టోమా నర్సు (సంచి సంరక్షణ చూసే నర్సు) చేత రాయించుకోండి, దాన్ని మిగిలిన ఏళ్లకి లెక్కకట్టండి. మానేసిన ఉద్యోగం జీతం స్లిప్పులు, 3 ఏళ్ల ఆదాయపన్ను రిటర్నులు, అక్క సెలవులు పెట్టి జీతం పోగొట్టుకుంటే ఆ కాగితాలు, హైదరాబాద్ తిరిగిన టికెట్లు. బాధకి అడిగే మొత్తం వేరే లైనులో.

స్లైడుపెట్టె
బ్లాకులు తెచ్చుకునేటప్పుడు వేసవి ఎండలో కారులో వదిలేయకండి. మైనం కరుగుతుంది.